బైసన్ల పైకప్పు కింద

కాంతాబ్రియాలో ఏడాది పొడుగునా వానలు పడుతూనే ఉంటాయి. స్పెయిన్ ఉత్తరపు అంచున, కొండలకూ అట్లాంటిక్ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న పచ్చటి నేల అది. దక్షిణాన రెండు వేల ఆరు వందల మీటర్లు దాటిన శిఖరాలు, వాటి నుంచి వడివడిగా దిగే చిన్న చిన్న నదులు, నది సముద్రంలో కలిసే ప్రతిచోటా ఓ రేవు. నేల అడుగున మాత్రం చాలాచోట్ల సున్నపురాయి. వాన నీరు గాలిలోంచీ మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకుని పలచని ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం సున్నపురాయిని బీటల వెంబడి లక్షల ఏళ్లపాటు కరిగిస్తే మిగిలేవే గుహలు. ఈ తీరంలో వాటికి లెక్క లేదు. కొన్నింటిలో మంచుయుగపు మనుషులు బొమ్మలు గీశారు. వాటిలో పద్దెనిమిది గుహలను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ముందు 1985లో ఆల్తామీరా ఒక్కటే ఉండేది. 2008లో అస్తూరియాస్, బాస్క్ సీమల గుహలతో కలిపి మరో పదిహేడు వచ్చి చేరాయి.

తూర్పు నుంచి పడమరకు వెళ్లే ప్రయాణికుడికి ముందు తగిలే ఊరు కాస్త్రో ఉర్దియాలెస్. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన రాతిగుట్ట మీద కోట, ఆ కోటలోనే లైట్‌హౌస్, పక్కన గోథిక్ చర్చి. రోమన్ల కాలంలో ఇది ఫ్లావియోబ్రిగా. కాస్టీలు రాజు ఎనిమిదో అల్ఫోన్సో 1163లో ఈ ఊరికి ప్రత్యేక హక్కుల పత్రం ఇచ్చాడు. ఆ తరవాత సాంతాందేర్‌కు 1187లో, లారెదోకు 1200లో, సాన్ విసెంతెకు 1210లో అలాంటివే దక్కాయి. ఉన్ని ఎగుమతి, చేపలు, అన్నిటికంటే తిమింగలాల వేట ఈ నాలుగు రేవులనూ పోషించాయి. కాస్త్రో ఉర్దియాలెస్ ఊరి చిహ్నంలో ఇప్పటికీ తిమింగలం ఉంది. చలికాలంలో ఒడ్డు దగ్గరికి వచ్చే ఆ జాతి తిమింగలాన్ని వేటాడి వేటాడి ఈ తీరంలో లేకుండా చేశారు. ఊరిని బతికించిన జంతువు ఊరి ముద్రలోనే మిగలడం బాధ కలిగిస్తుంది.

పక్కనే ఉన్న లారెదోలో 1556లో ఐదో చార్లెస్ చక్రవర్తి ఓడ దిగాడు. సింహాసనం వదిలేసి, యుస్తే మఠంలో చివరి రోజులు గడపడానికి వెళుతూ ఇక్కడే స్పెయిన్ నేల మీద కాలు పెట్టాడు. కొలంబస్‌తో ప్రయాణించి, అమెరికా ఖండాన్ని చూపే 1500 నాటి ప్రపంచ పటం గీసిన హువాన్ దె లా కోసా ఆ ఎదురుగా ఉన్న సాంతోన్యా వాడు. ఇప్పుడు సాంతోన్యా పేరు నెత్తళ్లతో మోగుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర సిసిలీ నుంచి వచ్చిన ఇటలీవాళ్లు ఇక్కడ నెత్తళ్లను ఉప్పులో ఊరవేసి, ముల్లు తీసి, నూనెలో నిలవ చేసే పద్ధతిని స్థిరపరిచారు. ముల్లు తీసే పని ఈనాటికీ చేత్తోనే, ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లోనే సాగుతోంది.

లారెదో దగ్గర తీరం వదిలి అసోన్ నది వెంబడి లోపలికి వెళితే రామాలెస్ వస్తుంది. ఊరి పైన కొండలో కోవలానాస్ గుహ. ఇందులో ఇప్పటికీ విద్యుత్ దీపాలు లేవు. కొద్దిమందిని మాత్రమే ఒక గైడు చేతి టార్చితో లోపలికి తీసుకెళతాడు. గోడల మీద ఎర్రటి ఆడ దుప్పులు, పద్దెనిమిది దాకా. గీతలతో గీసినవి కావు. జేగురు రంగులో ముంచిన వేలితోనో మెత్తటి కుచ్చుతోనో చుక్క పక్కన చుక్క అద్దుతూ పోయారు. గైడు టార్చిని కింది నుంచి, పక్క నుంచి కదిపినప్పుడు రాతి ఉబ్బు మీద నీడ మారి దుప్పి మెడ తిరుగుతుంది. మంచుయుగపు చిత్రకారుడు చూసినది కదిలే వెలుతురులోనే. పుస్తకంలో అచ్చయిన ఫొటోలో ఇది ఎప్పటికీ కనపడదు. ఈ తీరపు బొమ్మల గురించి ఏ సందేహం వచ్చినా, రాయి దగ్గరికే వెళ్లాలని కోవలానాస్ మొదటే నేర్పుతుంది.

సాంతాందేర్‌లో పాత ఊరు వెతికితే దొరకదు. 1941 ఫిబ్రవరిలో పెనుగాలికి తోడైన అగ్నిప్రమాదం మధ్యయుగపు వీధులను బూడిద చేసింది. ఆ నగరంలో చూడవలసింది చరిత్రపూర్వ మ్యూజియం. గుహల మట్టిలోంచి తీసిన దుప్పికొమ్ము ఈటెమొనలు, చెక్కిన ఎముకలు అక్కడ దగ్గర నుంచి కనిపిస్తాయి.

నగరానికి దక్షిణాన, పాస్ నది ఒడ్డున పుయెంతె వియెస్గో అనే చిన్న ఊరుంది. దాని మీద గోపురంలా లేచిన కొండ పేరు కాస్తియో. కొండంతా గుహలే. ఎల్ కాస్తియో, లా పసియేగా, లాస్ మోనెదాస్, లాస్ చిమెనేయాస్, ఈ నాలుగింటిలోనూ బొమ్మలున్నాయి. 1903లో ఎల్ కాస్తియోను వెలుగులోకి తెచ్చిన ఎర్మీలియో అల్కాల్దె దెల్ రియో దగ్గర్లోని తొర్రెలావేగాలో చిత్రకళ బోధించేవాడు. కోవలానాస్‌ను లొరెంజో సియెర్రాతో కలిసి అదే ఏడాది కనుగొన్నదీ ఆయనే. 1910 నుంచి 1914 దాకా పురావస్తు శాస్త్రవేత్తలు హ్యూగో ఒబెర్మాయర్, ఆన్రీ బ్రోయ్ మొనాకో రాజు ఆల్బర్ట్ డబ్బుతో గుహ వాకిట్లో తవ్వకాలు జరిపారు. పద్దెనిమిది మీటర్లకు పైగా పేరుకున్న మట్టిపొరలు బయటపడ్డాయి. అడుగున నియాండర్తల్ మనుషుల పనిముట్లు, పైన మన జాతివాళ్లవి, ఇంకా పైన తరవాతి కాలాలవి. ఐరోపా చరిత్రపూర్వ యుగాన్ని ఇంత పొడవుగా ఒకేచోట చదివించే గుహలు చాలా తక్కువ.

ఎల్ కాస్తియో లోపల ఒక గోడ నిండా చేతులున్నాయి. అరచేతిని రాతికి ఆనించి, జేగురు నీళ్లను నోటితోనో ఎముక గొట్టంతోనో చుట్టూ ఊదితే, చెయ్యి తీసేసిన చోట ఖాళీగా చేతి ఆకారం మిగులుతుంది. ఫ్రాన్స్, స్పెయిన్ గుహల్లోని ఇలాంటి 32 చేతులను అమెరికా పురావస్తు శాస్త్రవేత్త డీన్ స్నో కొలిచాడు. వేళ్ల పొడవుల నిష్పత్తిని బట్టి వాటిలో మూడొంతులు ఆడవాళ్లవని 2013లో ప్రకటించాడు. కొలత పద్ధతి మీద అభ్యంతరాలున్నాయి. అయినా గుహలో గీసినవాడు వేటగాడైన మగవాడేనని వందేళ్లు ఎవరూ రుజువు అడగకుండా నమ్మిన మాటను ప్రశ్నించడం మంచి పనే.

ఆ చేతుల పక్కనే ఎర్రటి చుక్కల వరస ఉంది. వాటి వయసు తేల్చిన తీరు తెలుసుకోదగ్గది. జేగురు అంటే ఇనుప ఆక్సైడు. అందులో కార్బన్ ఉండదు కాబట్టి, బొగ్గుతో గీసిన బొమ్మలకు పనికొచ్చే రేడియోకార్బన్ పద్ధతి ఇక్కడ పనికిరాదు. అయితే గుహ గోడ మీద నీరు జారుతూ, బొమ్మ మీదుగా పలచని సున్నపు పొర కడుతుంది. రోజూ నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పొర లాంటిదే అది. యురేనియం నీటిలో కరుగుతుంది, థోరియం దాదాపు కరగదు. అందువల్ల కొత్తగా కట్టిన పొరలోకి యురేనియమే చేరుతుంది. కాలం గడిచేకొద్దీ అది క్షీణిస్తూ థోరియంగా మారుతుంది. థోరియం ఎంత చేరిందో కొలిస్తే పొర ఎప్పుడు కట్టిందో తెలుస్తుంది. పొర బొమ్మ మీద ఉంది కాబట్టి బొమ్మ అంతకంటే పాతదే కావాలి. 2012లో అలిస్టర్ పైక్ బృందం పదకొండు గుహల నుంచి 50 నమూనాలు తీసి కొలిచింది. ఎల్ కాస్తియోలోని ఒక ఎర్రటి చుక్కకు కనీసం 40,800 ఏళ్లు, ఒక చేతి ముద్రకు కనీసం 37,300 ఏళ్లు వచ్చాయి.

ఆరేళ్ల తరవాత, 2018లో, మరో లెక్క బయటికొచ్చి పెద్ద దుమారం రేపింది. అదే కొండలోని లా పసియేగాలో నిచ్చెన లాంటి ఎర్ర గీతల మీది పొరకు కనీసం 64,800 ఏళ్లు ఉన్నాయన్నారు. ఆనాటికి మన జాతి మనుషులు ఐరోపాకు రాలేదు. అంటే గీసింది నియాండర్తల్ మనిషే. నీళ్లు పొరలోంచి యురేనియాన్ని కడిగేసి వయసును ఎక్కువ చేసి చూపిస్తున్నాయేమోనని కొందరు శాస్త్రవేత్తలు గట్టిగా వాదించారు. కొలిచినవాళ్లు జవాబిచ్చారు. వాదం తేలలేదు. ఇలాంటి వాదాలు ఈ తీరానికి కొత్త కాదు. అసలు గుహచిత్రాల శాస్త్రం ఇక్కడ పుట్టిందే ఒక పెద్ద తిరస్కారంతో.

అది సాంతియానా దెల్ మార్ కథ. సాంతా హులియానా పేర వెలసిన పన్నెండో శతాబ్దపు రాతి చర్చి చుట్టూ పెరిగిన ఊరు అది. చర్చి వసారా స్తంభాల తలల మీద సింహాలు, యోధులు, తీగలు చెక్కి ఉంటాయి. వీధులు రాళ్లు పరిచినవి. ఇంటి ముఖాల మీద మనిషి నిలువెత్తు వంశచిహ్నాలు. అమెరికా ఖండంలో సంపాదించుకుని తిరిగొచ్చిన కుటుంబాలు చెక్కించుకున్నవి చాలా ఉన్నాయి. గుమ్మాల దగ్గర పాలూ కేకూ అమ్మడం ఇక్కడి పాత అలవాటు. ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో పచ్చిక గుట్ట, దాని కింద ఆల్తామీరా.

1868లో మొదెస్తో కుబియాస్ అనే స్థానికుడు వేటకు వెళ్లినప్పుడు అతని కుక్క రాళ్ల సందులో ఇరుక్కుపోయింది. దాన్ని తీయబోతే గుహ నోరు కనిపించింది. ఆ చుట్టుపక్కల భూములున్న మార్సెలీనో సాన్స్ దె సౌతువోలాకు ఈ సంగతి తెలిసింది. ఆయన లాయరు చదువు చదివినవాడు. మొక్కలు, శిలాజాలు, పాత రాళ్లంటే ప్రాణం. 1878 పారిస్ ప్రదర్శనలో ఫ్రాన్స్ గుహల్లో దొరికిన చెక్కుడు ఎముకలను చూశాక, 1879లో ఆల్తామీరా వాకిలి దగ్గర మట్టి తవ్వసాగాడు. ఎనిమిదేళ్ల కూతురు మారియా వెంట వచ్చింది. పక్క గదిలో పైకప్పు చాలా తక్కువ ఎత్తు. అప్పట్లో పెద్దవాళ్లు నడుం వంచి నేల చూస్తూ నడవాల్సి వచ్చేది. పిల్ల తలెత్తి చూడగలిగింది. ఎద్దులున్నాయని తండ్రిని పిలిచిందని చెబుతారు.

అవి ఎద్దులు కావు, బైసన్లు. మన అడవిదున్నకు దూరపు చుట్టాలు, స్పెయిన్‌లో వేల ఏళ్ల కిందటే అంతరించినవి. ఇరవైకి పైగా జంతువులు కప్పు నిండా ఉన్నాయి. నిలబడ్డవి, కాళ్లు ముడుచుకుని పడుకున్నవి, తల వెనక్కి తిప్పినవి. రెండుంపావు మీటర్ల పొడవున్న ఆడ దుప్పి ఒకటి. ఇక్కడి చిత్రకారుడు ముందు రాయిని తడిమి ఉంటాడు. కప్పులో సహజంగా ఉబ్బిన చోటల్లా బైసన్ మూపో కడుపో చేశాడు, పగులు వచ్చినచోట వీపు గీత చేశాడు. చెకుముకి మొనతో రూపురేఖ చెక్కి, బొగ్గుతో నల్ల గీత గీసి, జేగురుతో నింపి, కొన్నిచోట్ల రంగు గీకేసి వెలుగు తెప్పించాడు.

సౌతువోలా 1880లో చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఈ బొమ్మలు వాకిట్లో దొరికిన పాతరాతి యుగపు పనిముట్లతోపాటివే కావచ్చని, ఎంతో జాగ్రత్తగా రాశాడు. మాడ్రిడ్ ప్రొఫెసర్ హువాన్ విలనోవా ఆయనను సమర్థించాడు. అదే ఏడాది లిస్బన్‌లో కూడిన చరిత్రపూర్వ శాస్త్రవేత్తల అంతర్జాతీయ సభ ఈ మాటను లెక్కచేయలేదు. ఫ్రాన్స్ పెద్దలు గాబ్రియెల్ ద మోర్తియే, ఎమీల్ కార్తాయాక్ నమ్మలేదు. పరిణామవాదాన్ని అప్రతిష్ఠ పాలు చేయడానికి స్పెయిన్ మతాచార్యులు పన్నిన వల కాదు కదా అని కూడా మోర్తియే అనుమానించాడు. వాళ్ల దృష్టిలో మనిషి మెట్టు మెట్టుగా ఎదిగాడు. కింది మెట్టు మీదివాడు ఇంత గొప్పగా గీయడం అసాధ్యం.

రాయి దగ్గరికి రాకుండానే కాదన్నవాళ్లు చాలామంది. వచ్చిన ఒక్కడూ తప్పే చూశాడు. ఎద్వార్ ఆర్లే 1881లో గుహలోకి వెళ్లి రంగు తాజాగా ఉందన్నాడు, దీపపు మసి లేదన్నాడు, ఈ మధ్యే ఎవరో గీశారని తేల్చాడు. సౌతువోలా ఇంట ఉండి బొమ్మల నకళ్లు రాసిన మూగ చిత్రకారుడు పాల్ రాతియే మీదికి అనుమానం మళ్లింది. కానీ రంగు తడిగా ఉండటానికి గుహ గాలిలోని చెమ్మే కారణం. మసి లేకపోవడానికి జంతువుల మూలుగ కారణం. మూలుగ కొవ్వు పోసిన దీపం పొగ దాదాపు లేకుండా వెలుగుతుందని తరవాత ప్రయోగాలు చేసి చూపించారు.

సౌతువోలా 1888లో చనిపోయాడు. విలనోవా 1893లో. మోసగాడన్న మాట తొలగకుండానే సౌతువోలా వెళ్లిపోయాడు. 1895లో ఫ్రాన్స్‌లోని లా మూత్‌లో, 1901లో కొంబారెల్, ఫోన్ ద గోమ్ గుహల్లో ఇలాంటి బొమ్మలే బయటపడ్డాక, కార్తాయాక్ 1902లో తన తప్పు ఒప్పుకుంటూ వ్యాసం రాశాడు. అదే సంవత్సరం యువకుడైన ఆన్రీ బ్రోయ్‌తో ఆల్తామీరా వచ్చాడు. గుహ తేమకు నీటిరంగులు ఆరకపోవడంతో బ్రోయ్ పాస్టెల్ సుద్దలతో కప్పు మొత్తానికి నకలు తీశాడు. తరవాత అల్కాల్దె దెల్ రియోకు ఇంకో సాక్ష్యం దొరికింది. ఆల్తామీరా, ఎల్ కాస్తియో మట్టిపొరల్లో దుప్పి తలలు చెక్కిన భుజపుటెముకలు ఉన్నాయి; గోడ మీది చెక్కుళ్లూ అదే చేతివాటం. పొర వయసు తెలిస్తే గోడ వయసు తెలిసినట్టే.

ఈ తగాదా జరుగుతున్న రోజుల్లోనే తెలుగు నేల మీద కూడా గుహలు తవ్వుతున్నారు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1883 నుంచి 1885 మధ్య రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వకాలు జరిపి ఎముక పనిముట్లు తీశారు. ఫుట్ వాటిని ఐరోపాలోని మాగ్దలీనియన్ పనిముట్లతో పోల్చాడు. ఆల్తామీరా బైసన్లు గీసింది ఆ మాగ్దలీనియన్ కాలపు మనుషులే. బిల్లసర్గం ఎముక పనిముట్లు తరవాత కనపడకుండా పోయాయి. దాచుకునే వసతి లేకపోవడం ఎంత నష్టమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ఇక ఉత్తరాదిన మీర్జాపూర్ కొండల్లో ఆర్చిబాల్డ్ కార్లైల్ 1867-68లోనే రాతి బొమ్మలు చూసి, అవి చాలా పాతవని గుర్తించాడు. ఆల్తామీరా కప్పును మారియా చూడటానికి పదకొండేళ్ల ముందు మాట అది. ఐరోపాలో దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు.

నమ్మకం కుదిరాక జనం విరగబడ్డారు. 1973లో లక్షా డెబ్బై వేలమందికి పైగా ఆల్తామీరా చూశారు. మనిషి ఊపిరి వేడి, తేమ, బొగ్గుపులుసు వాయువు కప్పును కరిగించసాగాయి. పదమూడు వేల ఏళ్ల కిందట వాకిలి కూలి మూసుకుపోవడం వల్లనే ఆ రంగులు నిలిచాయి. తెరిచిన వందేళ్లకే ప్రమాదంలో పడ్డాయి. 1977లో మూశారు. 1982లో ఏడాదికి ఎనిమిదిన్నర వేలమంది అని హద్దు పెట్టి తెరిచారు. గోడల మీద సూక్ష్మజీవులు కనిపించడంతో 2002లో మళ్లీ మూశారు. 2014 నుంచి ప్రయోగంగా వారానికి ఐదుగురిని, చీటీ తీసి, ముప్పై ఏడు నిమిషాలు మాత్రం లోపలికి పంపారు.

మిగతా అందరికీ 2001లో తెరిచిన నకలు గుహ ఉంది. మిల్లీమీటర్లలో కొలిచి రాతి ఒంపులు తయారుచేశారు. మాడ్రిడ్ ఆచార్యులు పెద్రో సౌరా, మతిల్దె ముస్కీస్ ఆనాటి బొగ్గూ జేగురులతోనే చేత్తో బొమ్మలు గీశారు. గీస్తూ గీస్తూ ముస్కీస్ ఒక అభిప్రాయానికి వచ్చారు: రంగుల బైసన్లన్నీ ఒక్క మనిషి పని. నకలే కదా అని తీసిపారేయడం సరికాదు. అసలు గుహలో నేల తవ్వి లోతు చేశారు. కూలిన వాకిలి మీదుగా గోడ కట్టారు. నకలులో మాత్రం వాకిలి మళ్లీ తెరుచుకుని ఉంది, ఆనాటి కాపురముండే చోటు మీద పగటి వెలుతురు పడుతుంది. ఆ వెలుతురుకూ చీకటి గదిలోని బైసన్లకూ మధ్య ఎన్ని అడుగులో అక్కడే అర్థమవుతుంది.

పడమరగా కొమియాస్. క్యూబాలో వ్యాపారాలు చేసి, బానిసల అమ్మకంలోనూ గడించి తిరిగొచ్చిన అంతోనియో లోపెస్ తన సొంత ఊరిని భవనాలతో నింపాడు. బార్సిలోనాలో ఆయన విగ్రహాన్ని 2018లో తీసేశారు. ఆయన బంధువర్గంలోని ఒకరి కోసం వాస్తుశిల్పి గౌదీ కట్టిన ఎల్ కాప్రిచో అనే ఇల్లు ఈ ఊళ్లో ఉంది. గోడల నిండా పొద్దుతిరుగుడు పూల పలకలు. ఇంకా ముందుకెళితే సాన్ విసెంతె దె లా బార్కెరా. ఆటుపోట్లు ఊరి లోపలిదాకా వస్తాయి. ఉప్పుటేటి మీద ఇరవై ఎనిమిది కమానుల పాత వంతెన, గుట్ట మీద కోట, చర్చిలో మోచేతి మీద ఒరిగి పుస్తకం చదువుతున్న కొర్రో అనే మతవిచారణాధికారి సమాధి శిల్పం. సాంతియాగోకు నడిచే యాత్రికుల ఉత్తర మార్గం ఈ వంతెన మీదుగానే పోతుంది.

సరిహద్దు దాటి అస్తూరియాస్‌లో అడుగుపెట్టగానే పిందాల్ గుహ. అలల మీదికి వేలాడే కొండచరియలో దాని నోరు. లోపల ఎర్ర గీతతో మామత్ ఒకటి, దాని ఛాతీ దగ్గర గుండె లాంటి ఎర్ర మచ్చ. గోడ మీద చెక్కిన చేప కూడా ఉంది. బొమ్మల నాటికి సముద్రం ఇంత దగ్గరగా లేదు. మంచుయుగం తీవ్రంగా ఉన్నప్పుడు నీటిమట్టం నూట ఇరవై మీటర్లు కిందికి ఉండేది, తీరం అనేక కిలోమీటర్లు అవతల. ఆల్తామీరా వాకిట్లో దొరికిన ఆలిచిప్పలను అంత దూరం నుంచి మోసుకొచ్చి తిన్నారు. ఒడ్డునే ఉన్న గుహలు, మకాములు ఇప్పుడు నీటి కింద ఉన్నాయి. ఫ్రాన్స్‌లో మార్సెయ్ దగ్గర ఆన్రీ కోస్కెర్ అనే గజ ఈతగాడు ముప్పై ఏడు మీటర్ల లోతున దారి కనుక్కుని వెళ్లిన గుహలో సీళ్లు, ఎగరలేని ఆక్ పక్షుల బొమ్మలున్నాయి. కాంతాబ్రియా గోడల మీద దుప్పులూ బైసన్లూ ఇంత ఎక్కువగా, సముద్రపు ప్రాణులు ఇంత తక్కువగా ఎందుకున్నాయన్న ప్రశ్న వేసేటప్పుడు, మనం చూస్తున్నవి ఆనాటి లోపలి కొండల బొమ్మలని గుర్తుపెట్టుకోవాలి.